నిద్రపుచ్చే మిక్స్ గురించి అమ్మికి

కడప,
ఆదివారం రాత్రి

అమ్మీ,

పాటలు ఒకదానికొకటి అతికించి నువ్వు పంపిన గంట మిక్స్ రెండుసార్లు విన్నా. మొదట హెడ్‌ఫోన్ పెట్టుకోని విన్నా. రెండోసారి మిద్దె మీద పడుకోని, ఫోను దిండు పక్కన పెట్టుకోని విన్నా. మీ నాయన వినేది ఆ రెండో పద్ధతిలోనే గదా. కువైట్లో పొద్దంతా బండి తోలి, రూముకు వచ్చి, పక్క మంచాలోళ్లకు అడ్డం కాకుండా సౌండు తగ్గించుకోని వింటాడు. ఆయన కోసం ఇంత కష్టపడినావంటే నాకు కడుపు నిండిపోయింది. ఎట్లుందో చెప్పమన్నావు కాబట్టి దాచకుండా చెప్తాండా.

ముప్పై ఏండ్ల నుంచి పెండ్లి ఊరేగింపులకు సౌండు పెడతాండా. వెయ్యి మందిని ఆడించేదానికంటే ఒక్క మనిషిని నిద్రపుచ్చేది కష్టం. ఊరేగింపులో బీటు తప్పినా డప్పులు, ఈలలు కప్పేస్తాయి. నిద్ర పట్టనోళ్లకు మాత్రం చిన్న తేడా కూడా ముల్లు మాదిరి గుచ్చుకుంటాది.

నాకు ఈ సంగతి నేర్పింది మీ జేజి. 1994లో మీ అబ్బ, అంటే మా నాయన, పోయినాక ఆమెకు నెలల తరబడి కంటికి కునుకు లేదు. నా దగ్గర అప్పుడు రెండు డెక్కుల టేప్ రికార్డర్ ఉండేది. ఆమెకు ఇష్టమైన పాటలు ఏరి 60 నిమిషాల క్యాసెట్టుకు ఎక్కించినా, అటు 30, ఇటు 30. నాలుగు దినాలైనాక "నిద్ర పడతాందా మా" అని అడిగితే, "పడతాది నాయనా, అయిదో పాట కాడ లేస్తాండా" అనింది. పోయి విన్నా. పాట మెత్తనిదే. పల్లవికీ చరణానికీ నడుమ బిట్టులో వయొలిన్లన్నీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. నాకు ఆ పాటలో ఇష్టమైన చోటు అదే. ఆమె కోసం ఏరినాననుకుంటా, నా కోసం ఏరుకున్నా. ఆ పాట తీసేసినా. ఇంకోటి గూడా ఉండాది. క్యాసెట్ అయిపోయినాక బటన్ టక్కుమని లేస్తాది చూడు, ఆ చప్పుడుకు గూడా ఆమె కండ్లు తెరిచేది. అందుకని చివరి పాట అయిపోయే టయానికి నేనే పిల్లి మాదిరి పోయి, వేలితో బటన్ అదిమి పట్టుకోని ఆపేటోణ్ని. నెల రోజులు అట్ల చేసినా.

నీ మిక్స్‌లో ఏడో పాట అట్లాంటిదే. నీకు ఆ పాటంటే ప్రాణమని నాకు తెలుసు. తీసెయ్ అమ్మీ. మధ్యాహ్నం వినే మిక్స్ ఇంకోటి చేసి దాంట్లో పెట్టుకో. మిక్స్ అయిపోతానే ఫోను తనంతట తానే ఇంకేదో పాట మొదలుపెడతాది, ఆ టక్కుమనే బటన్ కంటే అది అన్యాయం. మీ నాయనకు ఫోన్ చేసినప్పుడు టైమర్ ఎట్ల పెట్టుకోవాల్నో దగ్గరుండి చెప్పు.

ఇప్పుడు రెండో పాట నుంచి మూడో పాటకు దాటిన చోటు. రెండూ ఒకటి శ్రుతివే, అంటే రెండింటికీ 'స' హార్మోనియం మీద ఒకే మెట్టు, కదా అని కలిపినావు. తప్పు అక్కడే జరిగింది. రెండోది మోహన రాగం, మూడోది హిందోళం. ఒకటి శ్రుతిలో ఆ రెండు రాగాలకు కలిసేది షడ్జమం (స) ఒక్కటే, తక్కిన నాలుగు స్వరాలూ వేరే. అందుకే ఆ పది సెకండ్లు రెండు పాటలూ కొట్లాడుకుంటాయి. నేను చెప్పేది హార్మోనియం మీద వాయించి చూడు. ఒకటి శ్రుతిలో మోహన వాయించు. అవే అయిదు మెట్లు, వేరేవి ముట్టుకోకుండా, రిషభాన్ని (రి) షడ్జమం చేసుకోని వాయిస్తే మధ్యమావతి వస్తాది. గాంధారాన్ని (గ) షడ్జమం చేసుకుంటే హిందోళం వస్తాది. పెద్దోళ్లు దీన్ని గ్రహభేదం అంటారు. మన పనికి దీని అర్థం ఏందంటే, ఒకటి శ్రుతి మోహన తర్వాత రెండు శ్రుతిలో మధ్యమావతి పాట గానీ, మూడు శ్రుతిలో హిందోళం పాట గానీ ఎయ్. ఒక్క స్వరం గూడా గుద్దుకోదు. వినేటోనికి పాట మారినట్టే తెలీదు, గాలి మళ్లినట్టు ఉంటాది. ఉన్న పాటనే లాగి మూడు శ్రుతికి ఎక్కించొద్దు, గొంతు పాడైతాది. ఆ శ్రుతిలో పాడిన పాటే వెతుక్కో. వెతకడంలోనే మన పని సగం ఉండాది.

నేనిది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. పెద్ద దర్గా ఉరుసులో రాత్రుళ్లు ఖవ్వాలీ వింటా, ఇది మా హార్మోనియం సారు చెప్పిన హిందోళమే కదా అనుకున్నా ఒకసారి. వాళ్లు మాల్కౌన్స్ అంటారు, స్వరాలు అవే. ఆ రాత్రి నుంచి పాటను భాషను బట్టి, హీరోను బట్టి కాకుండా స్వరాలను బట్టి డబ్బాల్లో సర్దుకోవడం మొదలుపెట్టినా. నువ్వు గూడా ఫోల్డర్లు అట్ల చేసుకో.

వేగం సంగతి. నాలుగో పాటను నిమిషానికి 108 దెబ్బల నుంచి 90కి లాగినావు, అంటే దగ్గర దగ్గర 17 శాతం. వేగం మారినా శ్రుతి మారకుండా పట్టే కీ లాక్ పెట్టినావు కాబట్టి శ్రుతి దిగలేదు గానీ, ఆ గొంతు నీళ్లలో నుంచి వచ్చినట్టు ఉండాది. కీ లాక్ తీసేస్తే 6 శాతానికే అర శ్రుతి దిగిపోతాది, రెండు శ్రుతి పాట ఒకటిన్నరకు వస్తాది. ఏ పాటనైనా 3 శాతం దాటి లాగొద్దు. మొదటి పాట 96లో పెట్టుకో, ఒక్కో పాటకు రెండు రెండు తగ్గించుకుంటా పో, పన్నెండో పాటకు 74కు వస్తావు. ఊరికే కూర్చున్న మనిషి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటాది గదా, పాట గూడా ఆ దోవలోనే దిగాల. ఊయల నడక పాట ఉంటే, ఆరు దెబ్బలది, దాన్ని నాలుగు దెబ్బల పాట మీద అతికించొద్దు. ముందుది పూర్తిగా ఆగనిచ్చి, రెండు ఊపిరులు ఖాళీ ఇచ్చి, అప్పుడు మొదలుపెట్టు. ఖాళీ అంటే భయపడొద్దు.

చరణాలు కోయొద్దు. ఊరేగింపులో పల్లవి తర్వాత కోసేసినా ఎవరూ అడగరు. పడుకోని వినే మనిషి మాత్రం మనసులో పాడుకుంటా ఉంటాడు, రెండో చరణం కోసం కాచుకోని ఉంటాడు. అది రాకపోతే లేచి కూర్చుంటాడు.

మిక్స్ అయినాక మీ ఇంట్లోని పెద్ద స్పీకర్లో కాదు, ఫోను స్పీకర్లోనే విను. దాంట్లో బేస్ పలకదు. నీ తొమ్మిదో పాట మొత్తం బేస్ మీదనే నడుస్తాది, దిండు పక్కన వింటే ఉత్త టిక్కుటిక్కు. పాత పాటల కంటే కొత్త పాటలు సౌండు ఎక్కువగా రికార్డ్ అయ్యుంటాయి, మీటరును కాదు, చెవిని నమ్మి సమం చెయ్. మంచి ఫైళ్లతోనే మిక్స్ చెయ్ గానీ, పంపేది చిన్నదిగా పంపు. గంట మిక్స్ 320 కేబీపీఎస్ క్వాలిటీలో ఐతే 144 ఎంబీ, 128లో ఐతే 58 లోపే. ఆయన నెట్టు ఆయన డబ్బులే గదా.

నీ గురించి ఒక మాట. రాత్రి మూడింటి దాకా హెడ్‌ఫోన్ పెట్టుకోని కూర్చుంటాండావని మీ అమ్మ చెప్పింది. నా ఎడమ చెవిలో పదిహేనేండ్లుగా గుయ్యిమని మోత, పడుకుంటే ఇంకా ఎక్కువ. నేను ఎంత మంచి మిక్స్ చేసినా దాని కింద ఆ మోత వినపడతానే ఉంటాది. 85 డెసిబెల్స్ ఐతే ఎనిమిది గంటలు తట్టుకుంటాది చెవి, 88 ఐతే నాలుగు గంటలే, 100 దగ్గర పావుగంటే. డీజే బాక్సుల ముందర 100 పెద్ద లెక్క కాదు. పెండ్లికి పోతే ఇయర్ ప్లగ్గులు పెట్టుకో, ఎవరన్నా నవ్వితే నవ్వనీ. రాత్రి పది కొడితే మైకు ఆపాలని రూలు ఉండాది, పదికి ఆపు, ఇంకో గంట అని బతిమాలినా ఆపు. ఆ సందులో పసిబిడ్డ ఉంటాది, పరీక్షకు చదివే పిల్లోడు ఉంటాడు. పొద్దున వైర్లు తుడిచి చుట్టుకునేటప్పుడు ఏ పాటా పెట్టొద్దు, నేనైతే దోశ తినే దాకా రేడియో గూడా పెట్టను. ఆ రెండు గంటలు ఊరి చప్పుడే వింటా, పాలోని సైకిలు, పక్కింటి రోలు. సాయంత్రానికి చెవి కొత్తగా ఉంటాది.

చివరి పాట బాగా ఏరినావు, మధ్యమావతి. కచేరీ ముగించేది గూడా దాంతోనే. దాన్ని కదిలించొద్దు.

ఏడోది తీసి, మూడోది మార్చి, నాలుగోదాని చోట 90 వేగంలోనే ఉన్న పాట వెతికి పెట్టి నాకు మళ్లీ పంపు. బుధవారం లోపల విని చెప్తా. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, ఆయన పదికి పడుకుంటే మనకు పన్నెండున్నర. శుక్రవారం ఆయనకు సెలవు గదా, గురువారం రాత్రికి అందేటట్టు పంపుదాం.

నీ పెద్దనాయన