తలసరి ఆదాయం పెరిగితే జనం బతుకు బాగుపడినట్టేనా?

కాదు, తలసరి ఆదాయం సగటున ఎంత డబ్బు వస్తుందో చెబుతుంది గానీ మనుషులు ఎలా బతుకుతున్నారో చెప్పదు. అందుకే ఐక్యరాజ్యసమితి 1990లో తెచ్చిన మానవాభివృద్ధి సూచికలో ఆదాయంతో పాటు ఆయుర్దాయం, చదువు కూడా లెక్కిస్తారు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు చూడండి. దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి ఎంతోమందికి పళ్లు గారపట్టాయి, ఎముకలు వంకర్లు పోయాయి. అలాంటి ఇంట్లో పత్తి బాగా పండి నాలుగు డబ్బులు వచ్చినా వంగిన నడుము నిటారు కాదు. అయినా ఆదాయం లెక్క ఆ డబ్బునే చూస్తుంది.

మానవాభివృద్ధి సూచిక అన్నింటినీ కొలుస్తుందనుకోవడం కూడా పొరపాటే. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చే ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్, మనిషిని వెంటనే చంపదు, ఏళ్ల తరబడి బాధపెడుతుంది. ఆ నొప్పి ఆయుర్దాయం అంకెలో సరిగా కనిపించదు. తాగే నీళ్లు ఎలా ఉన్నాయో విడిగా చూడాల్సిందే.