‘ఎన్నికల సంఘం ధిక్కరణ’: ఎవరు ఎవరిని ధిక్కరించినట్టు?

సందేహం: పంచాయతీ ఎన్నికల వివాదాల వార్తల్లో ‘అధికారులపై ఎన్నికల సంఘం ధిక్కరణ కేసు’ వంటి శీర్షికలు కనిపిస్తున్నాయి. అధికారులు సంఘాన్ని ధిక్కరించారనా, సంఘమే కేసు వేసిందనా? అసలు ధిక్కరణకు శిక్ష వేసే అధికారం ఎన్నికల సంఘానికి ఉందా? ‘ధిక్కారం’, ‘ధిక్కరణ’ల్లో ఏది సరైనది? కొందరు ‘దిక్కరణ’ అని కూడా రాస్తున్నారు.

సమాధానం: చివరి ప్రశ్న తేలిక. ‘ధిక్’ అంటే ఛీ అనే అర్థమున్న సంస్కృత అవ్యయం. దానికి ‘కృ’ ధాతువు చేరి ధిక్కారం, ధిక్కరణం వచ్చాయి. ఒత్తు తీసేస్తే మిగిలేది ‘దిక్’, అంటే దిక్కు. ‘దిక్కరి’ అంటే దిగ్గజం. కాబట్టి ‘దిక్కరణ’ అని రాసినవారు కోర్టు సంగతేమో గానీ వర్ణక్రమాన్ని ధిక్కరించినట్టే. ధర్మశాస్త్రాల్లో వాగ్దండం, ధిగ్దండం, ధనదండం, వధదండం అని శిక్షలకు నాలుగు మెట్లున్నాయి. ధిగ్దండంలో ఛీకొట్టేది దండించేవాడు. నేటి ధిక్కరణలో లెక్కచెయ్యనిది కక్షిదారు.

ధిక్కారం వైఖరిని చెబుతుంది: ధిక్కార స్వరం, ధిక్కార ధోరణి. ధిక్కరణ పనిని చెబుతుంది. కోర్టు వార్తల్లో రెండూ వాడుకలో ఉన్నాయి, ఏదీ తప్పు కాదు. పిటిషన్ వేసేది చేసిన పని మీద (లేదా చెయ్యని పని మీద) కనుక నా ఓటు ధిక్కరణకే.

ఇక అసలు చిక్కు సమాసంలో ఉంది. ‘కోర్టు ధిక్కరణ’ను విప్పితే ‘కోర్టును ధిక్కరించడం’. ముందున్న పదం ధిక్కారానికి గురైనది. ఈ లెక్కన ‘ఎన్నికల సంఘం ధిక్కరణ’ అంటే సంఘాన్ని ధిక్కరించడమని అర్థం వస్తుంది. మన చట్టంలో అలాంటిది లేదు. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం ప్రకారం కోర్టు తీర్పును గానీ ఉత్తర్వును గానీ ఉద్దేశపూర్వకంగా పాటించకపోవడం, కోర్టుకిచ్చిన హామీని తప్పడం సివిల్ ధిక్కరణ. శిక్ష ఆరు నెలల వరకు సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ అధికారం సుప్రీంకోర్టుకు రాజ్యాంగం 129వ అధికరణం నుంచి, హైకోర్టుకు 215 నుంచి వస్తుంది. కింది కోర్టుల ధిక్కరణనూ హైకోర్టే విచారిస్తుంది.

రాష్ట్ర ఎన్నికల సంఘానికి 243కె, 243జెడ్‌ఏ అధికరణాలు అప్పగించినవి వేరు: పంచాయతీలు, పురపాలికల ఓటర్ల జాబితాల తయారీ, ఎన్నికల నిర్వహణ, వాటిపై పర్యవేక్షణ, నిర్దేశం, నియంత్రణ. ధిక్కరణకు శిక్షించే మాట వాటిలో లేదు. కేంద్ర ఎన్నికల సంఘం 2017లో తనకా అధికారం ఇమ్మని కేంద్ర న్యాయశాఖను అడిగింది, దక్కలేదు. పాకిస్థాన్‌లో మాత్రం 2017 ఎన్నికల చట్టం 10వ సెక్షన్ అక్కడి ఎన్నికల సంఘానికి హైకోర్టుతో సమానంగా ధిక్కరణ అధికారమిచ్చింది. ఆ దేశపు వార్తలో ‘ఎన్నికల సంఘం ధిక్కరణ’ అని నిక్షేపంగా రాసుకోవచ్చు.

మన దగ్గర ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ ఉదంతంలో చూడండి. 2020 మార్చి 15న కొవిడ్ కారణంగా స్థానిక ఎన్నికలు వాయిదా పడ్డాయి. ఏప్రిల్‌లో వచ్చిన ఆర్డినెన్సుతో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ పదవి పోయింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. తీర్పు అమలు కావడం లేదని ఆయన అదే హైకోర్టులో ధిక్కరణ పిటిషన్ వేశారు. ఆ విచారణను ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. జూలై 30న ఆయనను తిరిగి నియమిస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. ఇక్కడ పిటిషన్ వేసినది కమిషనర్, ధిక్కరణకు గురైనదని చెప్పినది హైకోర్టు తీర్పు. ‘ఎన్నికల కమిషనర్ ధిక్కరణ పిటిషన్’ అని కుదిస్తే ఈ తేడా మాయమవుతుంది.

మీరు చూపిన శీర్షికను సరిచేయడానికి ‘కోర్టు’ అనే రెండక్షరాలు చాలు. కర్తను చివరికి జరిపితే ఇంకా మేలు: ‘అధికారులపై కోర్టు ధిక్కరణ పిటిషన్ వేసిన ఎన్నికల సంఘం’. ‘కేసు నమోదు’ అనకండి; అది పోలీసుల పని. ధిక్కరణ పిటిషన్ దాఖలవుతుంది.

సంఘం సొంత ఆదేశాన్ని ఎవరైనా పెడచెవిన పెడితే ‘ఉత్తర్వుల ఉల్లంఘన’ అనాలి. ప్రభుత్వోద్యోగి జారీ చేసిన ఉత్తర్వును మీరడం భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ కిందికి వస్తుంది. పాత శిక్షాస్మృతిలో అది 188. ఎన్నికల ప్రవర్తన నియమావళికీ ‘ఉల్లంఘన’ మాటే పొసగుతుంది. ఓడిన సర్పంచ్ అభ్యర్థి ఫలితాన్ని సవాలు చేస్తే అది ‘ఎన్నికల పిటిషన్’. ధిక్కరణతో దానికి సంబంధం లేదు.

ఒక జాగ్రత్త. విచారణ తేలకముందే ‘హైకోర్టును ధిక్కరించిన కలెక్టర్’ అని రాయడమంటే మీరే తీర్పు చెప్పడం. ఉత్తర్వు అమలు కాకపోయినంత మాత్రాన ధిక్కరణ కాదు, అది ఉద్దేశపూర్వకమని తేలాలి. అందాకా ‘ధిక్కరించారంటూ పిటిషన్’ అని రాయండి.