సైన్యంలో ఉన్న భర్తకు బదిలీ: కొత్త ఊళ్లో పిల్లలు కుదురుకోవడం ఎలా?

సికింద్రాబాద్ నుంచి పంజాబ్‌లోని పఠాన్‌కోట్‌కు పోస్టింగ్ వచ్చిందని, ఆరో తరగతి చదివే మీ పాప స్నేహితురాళ్లను వదిలి రానని ఏడుస్తోందని రాశారు. ఎలాగూ రెండు మూడేళ్లే కదా అని సామాను సగం విప్పకుండా ఉంచేద్దామనుకుంటున్నారు. ముందు ఆ చివరి మాటకే జవాబు చెబుతాను. అలా చేయకండి. పెట్టెలన్నీ విప్పేయండి.

మా వారూ సైన్యంలోనే ఉన్నారు. పెళ్లయినప్పటి నుంచి ఊళ్లు మారుతూనే ఉన్నాం, పఠాన్‌కోట్‌లోనూ కాపురం చేశాం. పేరూ నంబరూ రాసిన నల్ల ట్రంకు పెట్టెలు లేని ఇల్లు మన క్వార్టర్స్‌లో ఉండదు. వాటిమీద పరుపు వేసి దివాన్‌లా వాడుకోవడం మామూలే. మేమూ వాడతాం, కాకపోతే ఖాళీ చేశాకే. గోడకు పటాలు, కిటికీలకు తెరలు, పిల్లల బొమ్మలు మొదటి వారంలోనే బయటికి రావాలి. తన వస్తువులు ఇంకా పెట్టెలోనే ఉంటే, ఇది మన ఇల్లు కాదని పిల్లకు రోజూ చెప్పినట్టే.

పాపను ఏడవనివ్వండి. 'సైనికుడి కూతురివి, ఏడవకూడదు' అనే మాట నాకు ఎప్పుడూ నచ్చదు. పదకొండేళ్ల పిల్లకు స్నేహితురాలు దూరమవడం చిన్న విషయం కాదు. బయలుదేరేముందు ఆ పిల్లల తల్లుల ఫోను నంబర్లు మీరే అడిగి తీసుకోండి, చేరిన రోజే మాట్లాడించండి. అక్కడికి వెళ్లాక సామాను ఎంత పేరుకుని ఉన్నా సాయంత్రం మాత్రం పాపను ఆటస్థలానికి తీసుకువెళ్లండి. అక్కడ ఆడుకునే పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లే కాబట్టి, 'మీరు ఎక్కడి నుంచి వచ్చారు?' అని వాళ్లే పలకరిస్తారు. మా పెద్దవాడికి మొదటి స్నేహితుడు అలాగే దొరికాడు.

చదువు గురించి అంత బెంగ వద్దు. 1963లో కేంద్రీయ విద్యాలయాలను ప్రారంభించిందే బదిలీల మీద తిరిగే ఉద్యోగుల పిల్లల కోసం. మొదట తీసుకున్నవి సైనిక దళాల బడులే. పాప ఇప్పుడు కేంద్రీయ విద్యాలయం (కేవీ)లోనే ఉంటే టీసీ, మీవారి బదిలీ ఉత్తర్వు చూపి ఏడాది మధ్యలోనైనా చేర్చవచ్చు. ఇప్పుడు వేరే బడిలో ఉంటే అక్కడి కేవీలో సీట్ల ఖాళీలు ముందే కనుక్కోండి. తెలుగు మాత్రం అక్కడ నేర్పరు, ఆ పని మీదే. రోజూ పడుకునే ముందు ఒక్క పేజీ పైకి చదివించండి. అమ్మమ్మకు ఉత్తరం రాయించడం ఇంకా మంచిది.

మీ హిందీ గురించి కూడా భయపడుతున్నారు. యూనిట్‌లో కుటుంబాల సమావేశానికి మొదటిసారే వెళ్లండి. తమిళులు, మలయాళీలు, ఒడియావాళ్లు తలా ఒక రకం హిందీలో మాట్లాడుకుంటూ ఉంటారు, ఎవరూ తప్పులు పట్టరు. పాలు ఎవరు పోస్తారో, బియ్యం ఏ కొట్లో బాగుంటాయో, జ్వరం వస్తే మిలిటరీ ఆసుపత్రికి ఏ వేళలో వెళ్లాలో మీకు చెప్పేది వాళ్లే.

క్వార్టర్స్ తాళం తీసుకునే రోజు తొందరపడకండి. క్వార్టర్స్ నిర్వహణ చూసే ఎంఈఎస్ (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్) వాళ్ల జాబితా చేతిలో పట్టుకుని గది గదీ చూసి, పగిలిన అద్దం, కారే కొళాయి, పనిచేయని గీజరు అన్నీ రాయించండి. రాయించకపోతే ఖాళీ చేసేటప్పుడు అవి మీ లెక్కలో పడతాయి.

డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు దట్టంగా ఉంటుంది, చలి మన ఊహకు అందదు. దూది రజాయిలు ఇక్కడి నుంచి మోయకండి, అక్కడే కుట్టించుకోవచ్చు. చింతపండు, ఇంగువ, ఆవకాయ మాత్రం పట్టుకెళ్లండి. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు సరిచూసుకోండి. జమ్మూ వైపు వెళ్లే దూరప్రాంత రైళ్లు ఎక్కువగా ఆగేది పఠాన్‌కోట్ కంటోన్మెంట్‌లో. పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ చక్కీ బ్యాంక్ అనే అంటారు.