రుయా గేటు దగ్గర అన్నం పెడతానన్న అబ్బాయికి

నాయనా,

తిరుపతి రుయా ఆసుపత్రిలో రోగులకు తోడుండేవాళ్లకు రాత్రిపూట అన్నం పెడతానన్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కడుపు నిండింది. ఆ వెంటనే గుబులూ పట్టుకుంది.

వంట సంగతి చెప్పక్కర్లేదు. వందమందికి పది, పన్నెండు కిలోల బియ్యం. ఆసుపత్రి అనుమతి ముందే తీసుకో. అందరూ బోల్తా పడేది చందాల దగ్గర.

ఒకరి కష్టం కళ్లకు కట్టినట్టు రాస్తారు, దాని కిందనే "ఇట్లాంటోళ్లు వేలమంది" అని తగిలిస్తారు. బలం పెరుగుతుందనుకుంటారు. తగ్గుతుంది! 2007లో అచ్చయిన అమెరికా పరిశోధనలో మనిషికి 5 డాలర్లిచ్చి, అందులోంచి ఎంత దానం చేస్తారో చూశారు. మాలి దేశపు ఏడేళ్ల పాప రోకియా గురించి మాత్రమే చదివినోళ్లు సగటున 2.38 డాలర్లిచ్చారు. కరువు లెక్కలు మాత్రమే చదివినోళ్లు 1.14. రెండూ పక్కపక్కనే చూసినోళ్లు 1.43. అంకె వచ్చి కూర్చోగానే పాప గుంపులో కలిసిపోయింది, మనసుకు దూరమైపోయింది. అందుకని నువ్వు నిజంగా చూసిన ఒక్కరినే రాయి. పుత్తూరు నుంచి వచ్చిన ముసలామె, గోడకానుకొని, టీలో బన్ను అద్దుకొని తింటోంది. ఒక పూటకు ఇంత. అంతే, ఆపెయ్. నెల ఖర్చు లెక్క అడిగినోళ్లకు విడిగా పంపు.

ఫోటోలో ఆమె ముఖం మాత్రం వద్దు. వాట్సాప్‌లో పడింది మళ్లీ వెనక్కి రాదు. రేపు మనవరాలికి సంబంధం చూసేవాళ్ల కంట పడితే? చేతులూ, విస్తరీ తియ్యి చాలు. ఈ ఒక్కమాట వినకపోతే నాతో మాట్లాడొద్దు.

ఊళ్లోనే ఉండే కొర్లగుంట, బైరాగిపట్టెడ వాళ్లకు ఎన్నింటికి, ఎవరి చేతికి ఇయ్యాలో చెప్పు. అమెరికాలో ఉండే మనోళ్లకు ఆ వివరం అంటదు. దూరమున్న పనికి మనసు ముందు "ఎందుకు" అనే అడుగుతుంది. అది చెప్పు.

"వచ్చే నెల నుంచి ఇస్తాలే" అనేవాళ్లను వదలొద్దు. రేపటి డబ్బు ఇంకా చేతిలోది కాదు గదా, ఒప్పుకోవడం సులువు. నెల తిరిగితే అదే బరువు. అందుకే ఒప్పుకున్న రోజే ఫోన్లో ఆటోపే పెట్టించు.

అలిపిరి దగ్గర కొండెక్కేవాళ్లను అడగొద్దు, దర్శనం టైము తరుముతుంటుంది. అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో 1973 నాటి పరీక్షలో, దారిలో మూలుగుతున్న మనిషి దగ్గర తొందరలేనివాళ్లలో 63 శాతం ఆగారు, తొందరలో ఉన్నవాళ్లలో 10 శాతమే. వాళ్లంతా మతబోధకులు కాబోయే విద్యార్థులు!

సాంబారు బకెట్టుకు మూత బిగించి గుడ్డ కట్టు, ఆటోలో ఒలుకుతుంది. నా పేర ముప్పై పూటలు రాసుకో. డబ్బు మీ అమ్మకు ఈరోజే పంపినా.

ఇట్లు,
మీ పెద్దమ్మ, చిత్తూరు