గురువు లేకుండా ధ్యానం చేస్తే మతి పోతుందా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు, అమ్మాయి ఇంటర్ చదువుతోంది. అప్పుల టెన్షన్‌తో మనసు బాగోక ఉగాది నుంచి యూట్యూబ్ చూసి ధ్యానం మొదలుపెట్టాను. మొదట్లో 15 నిమిషాలు శ్వాసను గమనిస్తూ కూర్చునేదాన్ని, హాయిగా ఉండేది. తర్వాత ఇంకో వీడియోలో 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 16 అంకెలు బిగబట్టి, 8 అంకెల్లో వదలమన్నారు. ఇప్పుడు పొద్దున గంట, రాత్రి గంట అదే చేస్తున్నాను. కూర్చుంటే ఒళ్లు ఊగుతోంది. ఒకసారి చేతులు లేనట్టే అనిపించింది. మొన్న కనుబొమల మధ్య వెలుగు కనిపించి, గుండె దడదడలాడి, భయపడి లేచాను. ఇది కుండలినేనా? రాత్రి రెండింటికే మెలకువ వస్తోంది గానీ అలసటే లేదు, తెల్లారేసరికి మూడు బ్లౌజులు కుట్టేస్తున్నాను. మా అత్తమ్మ "గురువు లేకుంట ధ్యానం జేస్తే మతి పోతది, మీ మేనమామకు అయినట్టే అయితది" అని రోజూ అంటోంది. మా మేనమామకు వయసులో ఉన్నప్పుడు మతి చెడి రెండుసార్లు ఆసుపత్రిలో పెట్టారు. తమ్ముడేమో హైదరాబాద్‌లో పది రోజుల విపశ్యన శిబిరానికి పొమ్మంటున్నాడు. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు, జగిత్యాల

జవాబు: అమ్మా, గురువు సంగతికి తర్వాత వస్తాను. మీరు మంచి విషయంలాగా రాసిన ఒక మాట దగ్గర ముందు ఆగాలి. రాత్రి రెండింటికే లేస్తున్నారు, అలసట లేదు, పని దూసుకుపోతోంది.

నేను మానసిక వైద్య విభాగంలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని. పేషెంటు వెంట వచ్చినవాళ్లను మేం మొదట అడిగేది నిద్ర గురించే. నిద్ర పట్టక మర్నాడు నీరసంగా ఉండటం వేరు, అప్పులున్న ఇంట్లో అది మామూలే. నిద్ర తగ్గినా హుషారు పెరగడం వేరు. బైపోలార్ అనే జబ్బులో ఉద్రేకం దశ కొందరికి ఇలాగే మొదలవుతుంది. ఆ జబ్బు కొన్ని కుటుంబాల్లో రక్తసంబంధీకులకు వస్తుంటుంది, అందుకే మీ మేనమామ విషయం మీరు రాయడం మంచిదైంది. మీకు ఆ జబ్బు ఉందని నేను అనడం లేదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా నిద్ర తగ్గుతుంది, గుండె దడ వస్తుంది. ఏ సంగతీ డాక్టరు చూసి చెప్పాల్సిందే. మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి ఈ వారంలోనే వెళ్లండి. థైరాయిడ్ పరీక్ష రాయమని అడగండి. మేనమామ సంగతి దాచకండి. అక్కడ ఎవరైనా చూస్తారేమోనని మొహమాటంగా ఉంటే ముందు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

అప్పటిదాకా ధ్యానం ఆపండి. మొదలుపెట్టిన సాధన మధ్యలో ఆపితే దోషమని ఎవరన్నా అంటే విని ఊరుకోండి.

ఇక ఆ వీడియో లెక్క చూద్దాం. అంకెకు ఒక సెకను వేసుకున్నా ఒక్కో శ్వాసకు 28 సెకన్లు, అంటే నిమిషానికి రెండే శ్వాసలు. కదలకుండా కూర్చున్నా మనిషి మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు గాలి పీలుస్తాడు. అలాంటిది పొద్దున గంట, రాత్రి గంట బిగబట్టి కూర్చుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి గుండె వేగం హెచ్చడంలో, ఊపిరాడనట్టు భయం పుట్టడంలో వింతేముంది? 4-16-8 పాత యోగశాస్త్రం లెక్కే, కాదనను. కానీ అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చినవాళ్లకు చెప్పింది. సింహాన్నీ ఏనుగునూ పులినీ ఎలా మెల్లమెల్లగా మచ్చిక చేసుకుంటారో ప్రాణవాయువునూ అలాగే వశం చేసుకోవాలని, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందని హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. పద్ధతి తప్పితే ఎక్కిళ్లు, ఉబ్బసం, దగ్గు, తలనొప్పి, చెవిపోటు, కంటినొప్పి వస్తాయని ఆ వెంటనే పేర్లతో సహా చెబుతుంది. మీ అత్తమ్మ భయానికి ఇలాంటి ఆధారం ఉంది, కాబట్టి ఆవిడను తీసిపారేయకండి. కాకపోతే ఆ హెచ్చరిక ప్రాణాయామానికి, అందులోనూ కుంభకానికి, అంటే ఊపిరి బిగబట్టడానికి చెందింది. మీరు మొదట్లో చేసిన 15 నిమిషాలకు అది వర్తించదు. ఈ రెండింటినీ ధ్యానం అనే ఒకే పేరు కింద పెట్టి వీడియోలు చేసేవాళ్ల మీద నాకు కోపం ఉంది. వ్యూస్ కోసం జనం ఊపిరితో ఆటలా?

ఒళ్లు ఊగడం కుండలినేమో, అంటే వెన్నెముక అడుగున నిద్రపోతూ ఉంటుందని యోగులు చెప్పే శక్తి లేచిందేమో అన్నారు. పతంజలి యోగసూత్రాల్లో మొదటి పాదంలోనే 'అంగమేజయత్వం' అని ఒక మాట ఉంది, శరీరం వణకడం, కదలడం అని. ఆయన దాన్ని సిద్ధుల్లో చేర్చలేదు. చిత్తం చెదిరినప్పుడు కనిపించే లక్షణాల్లో దుఃఖం, దిగులు, శ్వాస గతి తప్పడంతో కలిపి చెప్పాడు. చేతులు లేనట్టు అనిపించడం చాలామందికి జరిగేదే. చాలాసేపు కదలకుండా ఉంటే చేతులు ఎక్కడున్నాయో ఒంటికి తెలిసే స్పృహ మందగిస్తుంది, వేళ్లు ఆడిస్తే తిరిగి వస్తుంది. వెలుగు కూడా కొందరికి కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని కూర్చోకండి. నిజంగా కుండలినే అనుకున్నా సంబరపడాల్సింది లేదు. కాశ్మీర్‌కు చెందిన గోపీకృష్ణ 1937లో జమ్మూలో ధ్యానంలో ఉండగా అలాంటి అనుభవమే పొంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి నిద్ర, తిండి సరిగా లేక, మతి పోతుందేమోనన్న భయంతో ఎంత నలిగారో తనే రాసుకున్నారు. ఆయనా గురువు లేకుండా తనంతట తాను సాధన చేసినవారే.

మరి గురువు కావాలా వద్దా? రంగారెడ్డి జిల్లాలోనే దీనికి రకరకాల జవాబులున్నాయి. కడ్తాల్‌లో పెద్ద పిరమిడ్ కట్టిన సుభాష్ పత్రీజీ శ్వాస మీద ధ్యాస పెడితే చాలు, బయటి గురువు అక్కర్లేదనేవారు. అదే జిల్లాలో హార్ట్‌ఫుల్‌నెస్ సంస్థ వాళ్ల కన్హా శాంతివనానికి వెళ్తే శిక్షకుడి ఎదుట కూర్చుని ప్రాణాహుతి, అంటే ఆయన ద్వారా వచ్చే ప్రాణశక్తి అందుకోవాలంటారు. ఎవరి మార్గం వారిది, ఆ తగువులో నేను దూరను. గురువు అక్కర్లేదనేవాళ్లు రమణ మహర్షిని చూపిస్తారు. 1896లో మధురైలో 16 ఏళ్ల కుర్రాడికి గురువెవరూ లేకుండానే, చచ్చిపోతున్నానన్న భయంలోంచి తానెవరో తెలుసుకున్న ఆ మరణానుభవం కలిగింది, నిజమే. అయితే తర్వాత అరుణాచలంలో పాతాళలింగం గుహలో పురుగులు తొడలు కొరికి పుండ్లు పడినా ఆయనకు తెలియలేదు. ఎవరో ఎత్తి బయటికి తెచ్చారు, ఎవరో నోట్లో అన్నం పెట్టారు. గురువు లేకుండా గడిచిందేమో గానీ పక్కన మనుషులు లేకుండా ఆయనకూ గడవలేదు. ఇది నాకు చాలా పెద్ద విషయం అనిపిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకు పది, పదిహేను నిమిషాలు మామూలు శ్వాసను చూస్తూ కూర్చోవడానికి గురువు కోసం వెతకనక్కర్లేదు. పార్కులో ధ్యానం గురించి అడుగుతూ నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇదే చెబుతాను. అందులోనూ ప్రమాదం బొత్తిగా ఉండదని కాదు. 2020లో పరిశోధకులు అంతకుముందు జరిగిన 83 అధ్యయనాలను కలిపి చూస్తే ధ్యానం చేసేవాళ్లలో సుమారు 8 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగినట్టు తేలింది. ఎక్కువగా కనిపించినవి ఆందోళన, దిగులు. అంతకుముందు ఏ మానసిక సమస్యా లేనివాళ్లకూ వచ్చాయి. ఊపిరి బిగబట్టే సాధనలకు, గంటలకు గంటలు కూర్చునే శిబిరాలకు, ఇంట్లో మానసిక జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం తెలిసిన మనిషి పక్కన ఉండి తీరాలి. మీకు ఈ మూడూ కలిసొచ్చాయి. ఎందుకు ఉండాలంటే, మీ బ్లౌజు కొలత మీరే తీసుకుంటే వీపు దగ్గర టేపు అందదు కదా, ఇదీ అంతే. హుషారుగా ఉన్నానని మీకు అనిపిస్తుంది. గలగలా మాట్లాడుతున్నారనీ, చిన్నదానికే కసురుతున్నారనీ పక్కవాళ్లకు కనిపిస్తుంది. "అమ్మ ఈ మధ్య ఎలా ఉంది?" అని మీ అమ్మాయిని అడిగి చూడండి. ఆ జవాబును డాక్టరు దగ్గర కూడా చెప్పండి.

తమ్ముడు చెప్పిన శిబిరం మంచిదే. గోయెంకాగారు 1969లో బర్మా నుంచి వచ్చి మన దేశంలో నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి. వనస్థలిపురం వైపు నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న విపశ్యన కేంద్రం ధమ్మఖేత్తలో నేనూ కూర్చున్నాను. ఫీజు లేదు, ఊపిరి బిగబట్టమనరు, ఉన్న శ్వాసను ఉన్నట్టే చూడమంటారు. కానీ తెల్లవారుజామున 4 గంటలకు లేవాలి, రోజుకు పది గంటల దాకా కూర్చోవాలి, పదో రోజు దాకా మౌనం. ఇప్పుడు మీరున్న స్థితిలో అంత మోతాదు వద్దు. ముందు ముందు వెళ్లినా, దరఖాస్తులో మానసిక ఆరోగ్యం గురించి అడిగే చోట సీటు రాదేమోనని ఏదీ దాచకండి.

డాక్టరు సరేనన్నాక, రాత్రి కనీసం ఆరు గంటలు నిద్ర పట్టడం మొదలయ్యాక, పది నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టవచ్చు. కుర్చీలో కూర్చోండి, కళ్లు సగం తెరిచే ఉంచండి, ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టండి. అంకెలు వద్దు, బిగబట్టడం వద్దు. రాత్రి పూట వద్దు. భయం పుడితే లేచి ముఖం కడుక్కుని ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడండి, లేదా మిషన్ తొక్కండి. పగలు మాత్రమే సుమా.

ప్రశ్న: మా ఊళ్లో ఒక గురువుగారు ధ్యాన దీక్ష ఇస్తామంటూ 25,000 రూపాయలు అడుగుతున్నారు. మంత్రం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పకూడదట. మా అమ్మ చేరి రెండు వారాలైంది, ఆయన మాట మీద బీపీ మాత్రలు ఆపేసింది. గురువు లేనిదే ధ్యానం ప్రమాదమని ఆయనే అంటారు. ఎలా నమ్మాలి?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బాబూ, నమ్మకండి. మంత్రం గోప్యంగా ఉంచమనడం పాత సంప్రదాయమే, దానికి నా అభ్యంతరం లేదు. డబ్బు మీ ఇష్టం, నాకైతే ఎక్కువే అనిపిస్తోంది. మాత్రలు ఆపమన్న మాటతో మాత్రం ఆయన తన హద్దు దాటాడు. ఊపిరిని పరీక్షగా చూడటం నేర్పేవాడికి రక్తపోటు మందు మాన్పించే అధికారం ఎవరిచ్చారు? మంచి గురువుకు నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: శిష్యుడికి తేడాగా ఉందంటే "ఇవాళ్టికి ఆపు, డాక్టరుకు చూపించుకో" అని తనంతట తను అనగలగాలి. "ఇంకా చెయ్యి, కర్మ కరుగుతోంది" అనేవాడి దగ్గర ఉండటం కన్నా గురువు లేకుండా ఉండటమే క్షేమం.

అమ్మగారితో గురువు గురించి వాదన పెట్టుకోకండి, ఆవిడ ఇంకా బిగుసుకుంటారు. ధ్యానం చేసుకోమనండి, మాత్ర కూడా వేసుకోమనండి. కొన్ని రకాల బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పైకి పోతుంది. అందుకని ఈరోజే బీపీ చూపించండి. రెండు వారాలు మానేశారు కాబట్టి మళ్లీ ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో పాత చీటీ చూసి మీరు నిర్ణయించకుండా డాక్టరునే అడగండి. ఈలోగా విపరీతమైన తలనొప్పి, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి లేవకపోవడం లాంటిది ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి.