108లో చేరిన మా అమ్మాయికి

తల్లీ,

ఈఎంటీగా, అంటే అంబులెన్స్‌లో పేషెంట్‌ని చూసుకునే టెక్నీషియన్‌గా, డ్యూటీలో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఈ పనిలో నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం చదువు రాక జరిగినవి కావు. పేషెంట్‌ని చూడకముందే జబ్బేమిటో తేల్చేసుకోవడం వల్ల జరిగినవి.

"తాగి పడిపోయాడు" అని కాల్ వస్తుంది. వెళ్తే నిజంగానే వాసన వస్తుంది, మాట ముద్దగా ఉంటుంది, చుట్టూ నలుగురు నవ్వుతుంటారు. ఇంకేముంది, తాగుబోతే అనుకుంటాం. కానీ అతను షుగర్ మందు వేసుకుని అన్నం తినలేదేమో. ఖాళీ కడుపుతో తాగినా షుగర్ పడిపోవచ్చు. తలకు దెబ్బ తగిలిందేమో. అందుకే తెలివి సరిగా లేని ఎవరికైనా, పక్షవాతం అనిపించినా సరే, గ్లూకోమీటర్ పెట్టు. నిమిషం పట్టదు. 70 కన్నా తక్కువుంటే ముందు దాని సంగతి చూడు. "గ్యాస్ నొప్పి" అనే షుగర్ పేషెంట్లనీ తేలిగ్గా తీసుకోకు. వాళ్లకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, చెమటలతోనే రావచ్చు.

మందుల దగ్గర తొందర ఇంకా ప్రమాదం. అడ్రినలిన్ ఆంప్యూల్ (మందుండే చిన్న గాజు సీసా) ఒక మి.లీ.లో ఒక మి.గ్రా. ఉంటుంది. అలర్జీతో ఊపిరాడని పెద్దవాళ్లకు అందులో సగం, తొడ కండలోకి. గుండె ఆగినవాళ్లకు మొత్తం, నరంలోకి. బండి ఊగుతూ, బంధువులు ఏడుస్తూ ఉంటే ఎంత తెలిసినవాళ్లకైనా ఈ తేడా జారిపోతుంది. లేబుల్ పైకి చదువు. కాల్ సెంటర్ డాక్టర్ చెప్పిన డోసు తిరిగి ఆయనకే చెప్పు. ఆయన అవునన్నాకే సూది వెయ్యి. చాదస్తం అని ఎవరైనా అంటే అననీ.

సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కడం) చేసేటప్పుడు రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారండి. అలసిపోయిన సంగతి మనకి తెలిసేలోపే నొక్కుడు లోతు తగ్గిపోతుంది.

డ్యూటీ ఎక్కగానే ఆక్సిజన్ సిలిండర్ గేజ్ నువ్వే చూసుకో. "నిండుగానే ఉంది" అని ముందు షిఫ్టువాళ్లు అన్నా సరే. తెల్లవారుజామున కళ్లు మూతలు పడుతుంటే పైలట్‌కి, అంటే బండి నడిపేవాడికి, చెప్పు, అతనికీ అలాగే ఉంటే నీకు చెప్పమను. పొరపాటు జరగబోయి తప్పిపోతే మర్నాడు తోటివాళ్లకు చెప్పు. తిట్లు పడతాయని దాస్తే అదే పొరపాటు ఇంకో బండిలో జరుగుతుంది.

క్యాజువాలిటీలో దింపేటప్పుడు ఏ మందు, ఎంత, ఎన్నింటికి ఇచ్చావో కాగితం మీద రాసి డ్యూటీ డాక్టర్ చేతికివ్వు. నోటితో కూడా చెప్పు. లేకపోతే అక్కడ అదే మందు మళ్లీ ఇస్తారు.

నీ పెదనాన్న