పచ్చడి సీసా లేబుల్ మీద తెలుగు పేరు స్పష్టంగా కనబడాలంటే ఏ ఫాంటు వాడాలి?

మీ అత్తగారు పెట్టే పచ్చళ్లకు లేబుల్ వేయిస్తున్నామని, పేరు అందంగానూ దూరానికి తెలిసేలానూ ఉండాలని అడిగారు. ఫాంటు సంగతికి ముందు నా చేతులు కాలిన కథ వినండి.

డీటీపీ పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పచ్చళ్ల వ్యాపారికి స్టిక్కర్లు చేశాను. ఎర్రటి నేల మీద పసుపు రంగులో ‘పండుమిరప పచ్చడి’ అని లావు అక్షరాలు. అవీ చాలవనిపించి, చుట్టూ అదే పసుపుతో అంచు కట్టాను. కంప్యూటర్ తెర మీద అరచేయంత అక్షరాలు, ముద్దుగానే ఉన్నాయి. సీసా మీదికి చేరేసరికి ‘వండుమిరవ వచ్చడి’ అయింది. పకూ వకూ ఉన్న తేడా ఎంత? తలకట్టు అంటితే వ, అంటకపోతే ప. ఆ వెంట్రుకవాసి సందును నా అంచు పూడ్చేసింది. అప్పటికే రెండు వేలు అచ్చయ్యాయి. ఆయన కోప్పడలేదు, “మరి పచ్చడి ఎప్పుడు వచ్చడి బాబూ?” అన్నారు. రెండోసారి అచ్చు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

అందుకని ఫాంటును దాని నమూనా వాక్యంలో చూసి మోజుపడకండి, మీ పేరే అందులో కొట్టి చూడండి. థలో, ఠలో చుక్క, షలో లోపలి గీత చిన్న సైజులో మొదట పూడిపోతాయి. మీ పేరులో ‘లక్ష్మి’ ఉందన్నారు కదా, అది ఇంకా కష్టం. క మీద గుడి, కింద ష ఒత్తు, మ ఒత్తు, అన్నీ ఒకే చోట. ఇంగ్లీషుకు వదిలే ఎడం వదిలితే ఆ ఒత్తులు కింది వరుస గుడులను గుద్దుకుంటాయి. నేను వరుసకూ వరుసకూ అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు వదులుతాను. అక్షరాలను పక్కకు వాల్చడం మాత్రం వద్దు, మన గుండ్రటి లిపికి అది నప్పదని నా అభిప్రాయం.

పేరుకు రామభద్ర అనే ఫాంటు వాడండి, నిండుగా ఉంటుంది. వివరాలకు హింద్ గుంటూరు మంచిది, లేత నుంచి లావు దాకా ఐదు మందాలు దొరుకుతాయి. బాలూ తమ్ముడు కూడా బాగుంటుంది కానీ బొద్దుగా ఉంటుంది, అందులో ప సందు చూసుకోండి. మూడూ ఉచితమే, వ్యాపారానికీ వాడుకోవచ్చు.

మీ డిజైనర్ పాత అను ఫాంట్లలో చేస్తానంటే ఒక్క మాట. వాటిలో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, మధ్య ఎడం పెంచితే ఒత్తు ఒక దారి, అక్షరం ఒక దారి. పైగా ఆ మాటలను అలాగే తీసి వాట్సాప్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి. ఏ ఫోన్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడే యూనికోడ్‌లో చేయమనండి. ఫొటోషాప్‌లో ఒత్తు పడక పొల్లు విడిగా కనబడితే ఫాంటును తిట్టకండి, వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగు మార్చాలి.

వెనకవైపు కాస్త చోటు ఎక్కువే ఉంచండి. ఆహార భద్రత నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి, తెలుగు దానికి అదనం.

అచ్చుకు ఇచ్చే ముందు అసలు సైజులో ఒక కాగితం తీసి, సీసాకు అంటించి, వంటింటి పై అరలో పెట్టండి. మీ అత్తగారిని కళ్లజోడు లేకుండా గుమ్మం దగ్గర నిలబడి చదవమనండి. ఆవిడ ‘ప’ను ‘వ’ అని చదివితే, అచ్చు ఆపించండి.